కట్టుడు పళ్ల పీఠం: ఏనుగు దంతం నుంచి నానో కణాల వరకు – ఉత్తరాంధ్ర అంగిలి చెప్పే చరిత్ర

యూనిట్ – 11

విషయక్రమం
11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 పీఠ పదార్థాల చరిత్ర
11.2.1 ఏనుగు దంతం, కర్ర, పింగాణి
11.2.2 వల్కనైట్
11.2.3 అక్రిలిక్
11.3 పీఠం కింది ఎరుపు
11.4 శ్రీకాకుళంలో అంగిలి పరీక్షలు
11.5 వెండి నుంచి నానో వెండికి
11.5.1 పాత వాడకం, కొత్త కొలత
11.5.2 అక్రిలిక్‌లో నానో కణాలు
11.5.3 పరిమితులు
11.6 ఒకే ఎరుపు, రెండు కారణాలు
11.7 సారాంశం
11.8 ముఖ్యపదాలు
11.9 అభ్యాసాలకు సమాధానాలు
11.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• కట్టుడు పళ్ల పీఠానికి వాడిన పదార్థాలు ఏ కారణాలవల్ల ఒకదాని తరవాత ఒకటి మారాయో వివరించగలుగుతారు.
• పీఠం కింద అంగిలి ఎర్రబడటానికి, కాండిడా అనే శిలీంధ్రానికి ఉన్న సంబంధాన్ని తెలపగలుగుతారు.
• శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగ అలవాటుపై జరిగిన అధ్యయనాల చారిత్రక ప్రాధాన్యాన్ని గుర్తించగలుగుతారు.
• నానో కణాలు కలిపిన పీఠ పదార్థాల ప్రయోజనాలను, పరిమితులను బేరీజు వేయగలుగుతారు.

11.1 పరిచయం

గత యూనిట్‌లో ఆసుపత్రి పరికరాల చరిత్రను చదివారు. ఈ యూనిట్‌లో అంతకంటే చిన్న వస్తువు చరిత్రను తెలుసుకొంటారు. అది మీ ఇంట్లో తాతగారి మంచం పక్కన నీళ్ల గ్లాసులో కనిపించే కట్టుడు పళ్ల సెట్టు. ఇందులో రెండు భాగాలుంటాయి. తెల్లగా కనిపించేవి కృత్రిమ దంతాలు. వాటిని పట్టి ఉంచుతూ చిగుళ్లమీద, అంగిలిమీద ఆనుకొని ఉండే గులాబీరంగు భాగాన్ని దంతవైద్యులు డెంచర్ బేస్ అంటారు. ఈ యూనిట్‌లో దాన్ని ‘పీఠం’ అని వ్యవహరిద్దాం.

పై దవడకు పూర్తి సెట్టు పెట్టినప్పుడు పీఠం అంగిలిలోని గట్టి భాగాన్నంతటినీ కప్పేస్తుంది. ఈ విషయాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. అంగిలిమీద ఏం జరుగుతోందో మనిషికి సొంత కంటితో కనబడదు. పీఠం పెట్టుకొన్నవారి విషయంలో ఎదుటివారికీ కనబడదు.

గత రెండు దశాబ్దాల్లో ఈ పీఠంలో వెండి, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటి పదార్థాల అతిసూక్ష్మ కణాలను కలిపి, దానిమీద సూక్ష్మజీవులు పెరగకుండా చేసే పరిశోధనలు ప్రపంచమంతటా సాగుతున్నాయి. ఇది హఠాత్తుగా పుట్టిన ఆలోచన కాదు. రెండున్నర శతాబ్దాలుగా దంతవైద్యం ఎదుర్కొంటున్న ఒక పాత సమస్యకు ఇది తాజా జవాబు. ఆ జవాబు ఎవరి నోటికి ఎంతవరకు సరిపోతుందో తెలియాలంటే పదార్థం చరిత్రతోపాటు నోటి చరిత్ర కూడా తెలియాలి. నోటి చరిత్ర విషయంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు ప్రపంచ వైద్య గ్రంథాల్లో ఒక ప్రత్యేక స్థానం ఉంది. అందుకే ఈ పాఠానికి ఆ ప్రాంతాన్ని ఎంచుకొన్నాం.

11.2 పీఠ పదార్థాల చరిత్ర

11.2.1 ఏనుగు దంతం, కర్ర, పింగాణి

పోయిన పళ్ల స్థానంలో వేరే పళ్లు కట్టుకోవడం పాత అలవాటే. ఇటలీలోని ఎట్రుస్కన్లు క్రీస్తుకు పూర్వమే బంగారు పట్టీలతో పళ్లు కట్టుకొన్నారు. జపాన్‌లో కర్రను చెక్కి పూర్తి సెట్లు తయారుచేసేవారు. 1538లో మరణించిన ఒక బౌద్ధ సన్యాసిని వాడిన కర్ర సెట్టు ఇప్పటికీ భద్రంగా ఉంది. ఐరోపాలో 18వ శతాబ్దం నాటికి ఏనుగు దంతాన్ని, నీటిగుర్రం దంతాన్ని చెక్కి పీఠాలు తయారుచేయడం సంపన్నుల్లో వాడుకైంది.

ఏనుగు దంతానికి ఒక పెద్ద లోపం ఉంది. అది సజీవ కణజాలం నుంచి వచ్చిన పదార్థం. దానిలో సన్నని రంధ్రాలుంటాయి. లాలాజలం, ఆహారపు రసాలు వాటిలోకి ఇంకిపోతాయి. కొన్నాళ్లకు సెట్టు రంగు మారి, కుళ్లు వాసన వేస్తుంది. పారిస్ సమీపంలో అలెక్సిస్ డుషాటో అనే మందుల తయారీదారు ఉండేవాడు. తన దుకాణంలో మందులు కలిపేటప్పుడు వాటి వాసనలన్నీ తన ఏనుగు దంతపు సెట్టుకు పట్టి వదలకపోవడం అతణ్ని విసిగించింది. 1774 ప్రాంతంలో అతను పింగాణితో సెట్టు చేసుకోవాలని ప్రయత్నించాడు. నికోలా డుబువా ద షెమాఁ అనే దంతవైద్యుడు ఆ పద్ధతిని మెరుగుపరచి, 1791లో ఇంగ్లండులో పేటెంట్ పొందాడు. వాటికి ‘కుళ్లని పళ్లు’ అన్న అర్థం వచ్చే పేరుతోనే ప్రచారం జరిగింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పీఠ పదార్థాన్ని మార్చాలన్న తొలి ఆలోచన అందం కోసమో గట్టిదనం కోసమో పుట్టలేదు. వాసన పోగొట్టుకోవడానికి పుట్టింది. సూక్ష్మజీవుల గురించి అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియకపోయినా, సమస్య మాత్రం ఈనాటిదే. పింగాణి కుళ్లలేదుగాని బరువుగా ఉండేది, కాల్చేటప్పుడు కుంచించుకుపోయేది, కింద పడితే పగిలేది. కాబట్టి అది సామాన్యుడికి చేరలేదు.

11.2.2 వల్కనైట్

చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో వేడిచేసి స్థిరపరిచే పద్ధతిని కనుక్కొన్నాడు. అతని సోదరుడు నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో గట్టి రబ్బరుకు పేటెంట్ పొందాడు. దీనికే వల్కనైట్ అని పేరు. నోటి అచ్చు తీసి, ఆ అచ్చులో మెత్తని రబ్బరు కూరి, ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తే నోటికి సరిగ్గా అతికే పీఠం తయారవుతుంది. చెక్కే పనితనం అవసరం లేదు. ధర తగ్గింది. మధ్యతరగతి మనిషి నోటికి కట్టుడు పళ్లు అందినది ఈ దశలోనే. అమెరికాలో గుడ్‌ఇయర్ డెంటల్ వల్కనైట్ కంపెనీ 1881లో పేటెంట్ గడువు తీరేవరకు దంతవైద్యుల నుంచి లైసెన్సు రుసుము వసూలు చేసింది.

వల్కనైట్ ముదురు రంగులో ఉండేది. దాన్ని చిగురు రంగుకు దగ్గరగా తేవడానికి ఇంగిలీకం, అంటే పాదరసపు గంధక సమ్మేళనం కలిపేవారు. ఈ పీఠం పెట్టుకొన్న కొందరిలో అంగిలి ఎర్రగా వాచేది. దానికి ‘రబ్బరు నోటిపుండు’ అని పేరు పెట్టి, చాలామంది వైద్యులు ఇంగిలీకాన్ని నిందించారు. మరికొందరు పీఠాన్ని శుభ్రం చేయకపోవడమే కారణమన్నారు. నేరం పదార్థానిదా, దానిమీద పేరుకొనే పాచిదా అన్న ఈ వాదం 19వ శతాబ్దంలోనే మొదలైంది. దాని కొనసాగింపును 11.3లో చూస్తారు.

11.2.3 అక్రిలిక్

1930లలో పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్ వచ్చింది. దీన్నే వాడుకలో అక్రిలిక్ అంటున్నాం. 1937లో అమెరికన్ దంతవైద్యుడు వాల్టర్ రైట్ దీన్ని పీఠంగా వాడి చూసిన ఫలితాలను ప్రకటించాడు. పదేళ్లలో వల్కనైట్ దాదాపు కనుమరుగైంది. అక్రిలిక్‌కు చిగురు రంగు సహజంగా వస్తుంది. తేలికగా ఉంటుంది. విరిగితే అతికించవచ్చు. పెద్ద యంత్రాలు అక్కర్లేదు.

దీని తయారీని ఏ ఊళ్లోనైనా దంత ప్రయోగశాలలో చూడవచ్చు. పొడిని, ద్రవాన్ని కలిపితే ముద్ద అవుతుంది. ఆ ముద్దను ప్లాస్టర్ అచ్చులో నొక్కి, నీళ్లలో ఉంచి నిదానంగా వేడిచేస్తారు. 74 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు ఉంచడం ఒక ప్రామాణిక పద్ధతి. తొందరపడి ఒక్కసారిగా మరిగిస్తే ద్రవం ఆవిరై పీఠంలో బుడగలు మిగులుతాయి. అచ్చు నుంచి తీశాక అరగదీసి మెరుగుపెడతారు. అయితే మెరుగు బయటివైపే పెడతారు. అంగిలికి ఆనే లోపలి వైపు మెరుగుపెడితే అతుకు చెడుతుంది. అందువల్ల ఆ వైపు గరుకుగానే ఉండిపోతుంది. ఈ గరుకుదనమే తరవాతి కథకు మూలం.

భారతదేశంలో దంతవైద్య విద్య వ్యవస్థ రూపం దాల్చిన కాలం కూడా ఇదే. డాక్టర్ ఆర్. అహ్మద్ 1920లో కలకత్తాలో దంతవైద్య కళాశాలను స్థాపించారు. 1948లో డెంటిస్టుల చట్టం వచ్చింది. అంటే మన దేశంలో శిక్షణ పొందిన దంతవైద్యులు పెరిగేనాటికే అక్రిలిక్ యుగం వచ్చేసింది. నేటికీ జిల్లా కేంద్రాల్లో కట్టే పూర్తి సెట్లలో పీఠం ప్రధానంగా అక్రిలిక్‌దే.

అభ్యాసం – 1
సూచన: మీ సమాధానాలను నోట్‌పుస్తకంలో రాసి, 11.9లో ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1. ఏనుగు దంతపు పీఠాన్ని వదిలి పింగాణి వైపు మళ్లడానికి ముఖ్య కారణమేమిటి?
2. అక్రిలిక్ పీఠం లోపలి వైపు గరుకుగా ఎందుకు ఉంటుంది?

11.3 పీఠం కింది ఎరుపు

వల్కనైట్ పోయి అక్రిలిక్ వచ్చింది. ఇంగిలీకం పోయింది. అయినా అంగిలి ఎరుపు పోలేదు. దీన్నిబట్టి తప్పు రంగుపొడిది మాత్రమే కాదని తేలింది. 1936లో అమెరికాలో కాన్ అనే నోటి వ్యాధుల నిపుణుడు ఈ ఎరుపుకు కాండిడా అల్బికన్స్ అనే శిలీంధ్రాన్ని కారణంగా చూపాడు. పసిపిల్లల నోట్లో కనిపించే తెల్లపూతకు కారణమైన శిలీంధ్రం కూడా ఇదే. 1962లో న్యూటన్ ఈ వ్యాధిని మూడు రకాలుగా వర్గీకరించాడు. అక్కడక్కడ ఎర్రని చుక్కలు మొదటి రకం. పీఠం కప్పిన మేరంతా ఎర్రబడటం రెండో రకం. అంగిలి మధ్యలో గరుకుగా బొడిపెలు రావడం మూడో రకం. ఈ వర్గీకరణ నేటికీ వాడుకలో ఉంది.

కాండిడా ఎక్కడి నుంచో వచ్చే శత్రువు కాదు. ఆరోగ్యవంతుల్లో చాలామంది నోటిలో అది కొద్దిగా ఉంటుంది. పీఠం దానికి ఇల్లు కడుతుంది. పీఠానికీ అంగిలికీ మధ్య లాలాజలం బాగా పారదు. నాలుక తుడవదు. గాలి అందదు. అక్రిలిక్ గరుకు గుంటల్లో కాండిడా అతుక్కొని, బ్యాక్టీరియాతో కలిసి జిగురు పొరగా పేరుకొంటుంది. ఈ పొర ఏర్పడిన తరవాత పుక్కిలించిన మందు లోపలి జీవులకు సరిగా చేరదు. రాత్రి కూడా సెట్టు తీయకుండా పడుకొనేవారిలో, మధుమేహం ఉన్నవారిలో, నోరు పొడారేవారిలో, పొగతాగేవారిలో ఈ సమస్య ఎక్కువ.

ఇందులో ఇంకో చిక్కుంది. ఈ ఎరుపు చాలాసార్లు నొప్పి పెట్టదు. మనిషికి తన అంగిలి ఎర్రబడిందన్న సంగతే తెలియదు.

చికిత్స చరిత్ర కూడా క్లుప్తంగా తెలుసుకోండి. 1950లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేసే ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నిస్టాటిన్‌ను కనుక్కొన్నారు. శిలీంధ్రాల మీద పనిచేసే మందుల్లో ఇది తొలి తరానిది. మందుతో ఎరుపు తగ్గేది. కాని అదే మురికి పీఠాన్ని మళ్లీ పెట్టుకోగానే తిరిగి వచ్చేది. 1970లలో నిస్టాటిన్‌ను పీఠం లోపలి మెత్తని పూతలోనే కలిపి చూశారు. మందును మనిషికి ఇవ్వడంకంటే పదార్థంలోనే పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన అలా మొదలైంది. అయితే పూతలోని మందు కొద్ది రోజుల్లో కారిపోయేది. ఎక్కువకాలం నిలిచేదేదైనా కావాలి. ఆ అన్వేషణే పరిశోధకులను లోహాల వద్దకు తీసుకువెళ్లింది. దాన్ని చూసేముందు ఉత్తరాంధ్రకు వద్దాం. ఎందుకంటే అంగిలి ఎరుపుకు ఇక్కడ మరో చరిత్ర కూడా ఉంది.

11.4 శ్రీకాకుళంలో అంగిలి పరీక్షలు

ముందు పరిపాలనా నేపథ్యం గుర్తుచేసుకోండి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న వచ్చింది. అంతవరకు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం ప్రాంతాలు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. కాబట్టి 1960ల నాటి పరిశోధనా పత్రాల్లో ‘శ్రీకాకుళం జిల్లా’ అని చదివినప్పుడు నేటి జిల్లా సరిహద్దులతో పోల్చి పొరబడకూడదు.

ఈ తీరప్రాంతంలో చుట్ట తాగే ఒక ప్రత్యేక పద్ధతి ఉంది. వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకొని పీలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. మగవారికంటే ఆడవారిలో ఈ అలవాటు ఎక్కువ. గాలికి ఆరిపోకుండా, నుసి పైన పడకుండా, చేతులు పనిలో ఉన్నా చుట్ట నిలబడేలా ఈ పద్ధతి పుట్టిందని పెద్దలు చెబుతారు. పొలంలో, చేపల రేవులో, పొయ్యి దగ్గర పనిచేసే స్త్రీకి ఇది అనువుగా తోచి ఉంటుంది. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అలవాటు చేరింది. కాని ఆ నిప్పువేడి, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి.

1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు ఇలా చుట్ట తాగడానికి ఉన్న సంబంధాన్ని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో ప్రకటించారు. తరవాత బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌కు చెందిన ఫలీ మెహతా బృందం డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ పిండ్‌బోర్గ్‌తో కలిసి 1960ల రెండో భాగంలో దేశంలోని ఐదు జిల్లాల్లో ఇంటింటి సర్వే చేసింది. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. తక్కినవి ఎర్నాకుళం, భావనగర్, సింగ్‌భూమ్, దర్భంగా. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించిన ఫలితాలు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చాయి. వారిలో సుమారు 44 శాతం మంది అడ్డపొగ తాగేవారు.

ఈ సంఖ్య వెనక ఉన్న శ్రమను ఊహించండి. ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కించడం వేరు. గడప గడపకూ వెళ్లి, ఏ బాధా లేదనే మనిషిని కూర్చోబెట్టి, నోరు తెరిపించి, అద్దంతో అంగిలి చూసి, రాసుకోవడం వేరు. ఇలా చూడబట్టే అడ్డపొగ తాగేవారి అంగిలిలో వచ్చే మార్పులను 1977 నాటికి వివరంగా వర్గీకరించగలిగారు. చర్మం మందమెక్కడం, బొడిపెలు, తెల్లని మచ్చలు, ఎర్రని భాగాలు, పుండ్లు, రంగు కోల్పోయిన చోట్లు అందులో ఉన్నాయి. ఈ జాబితాలోని ‘ఎర్రని భాగాల’ను గుర్తుపెట్టుకోండి. 11.6లో వాటి వద్దకు తిరిగి వస్తాం.

తరవాతి దశలో ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో దాదాపు 36,000 మంది పొగాకు వాడేవారితో మాట్లాడి, సినిమాలు, పోస్టర్లు, రేడియో ద్వారా అలవాటు మాన్పించే ప్రయత్నం జరిగింది. దాని ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. చెప్పి, నచ్చజెప్పి, మళ్లీ మళ్లీ వెళ్లి చూస్తే మనుషులు పొగాకు మానుతారని, మానితే నోటిలోని మార్పులు తగ్గుతాయని ఆ అధ్యయనం చూపింది. క్యాన్సర్ నివారణ చరిత్రలో మన పల్లెలకు దక్కిన స్థానం ఇది.

అభ్యాసం – 2
1. 1960ల నాటి ‘శ్రీకాకుళం జిల్లా’ సమాచారాన్ని నేటి సమాచారంతో పోల్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్త ఏమిటి?
2. ఇంటింటి సర్వే ఆసుపత్రి లెక్కలకంటే ఏ విధంగా భిన్నమైంది?

11.5 వెండి నుంచి నానో వెండికి

11.5.1 పాత వాడకం, కొత్త కొలత

పసిబిడ్డకు వెండి ఉగ్గుగిన్నెతో ఉగ్గు పోయడం, రాగి చెంబులో నీళ్లు నిలవ ఉంచడం మన ఇళ్లలో ఉన్నదే. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచరులు పోత పోసే ఇత్తడి కూడా రాగి, జింకుల మిశ్రమమే. వెండి, రాగి, జింకు అనే ఈ మూడు లోహాలూ నేటి సూక్ష్మజీవి నిరోధక పరిశోధనల్లో ముందువరసలో ఉన్నాయి. అంతమాత్రాన ‘మన పూర్వులకు నానో విజ్ఞానం తెలుసు’ అనడం చరిత్ర కాదు. అనుభవం వేరు, కారణం తెలియడం వేరు, మోతాదు కొలవడం వేరు.

కొలత 19వ శతాబ్దంలో మొదలైంది. 1857లో మైకేల్ ఫారడే బంగారపు అతిసూక్ష్మ కణాలు నీళ్లలో తేలుతూ ఎర్రని రంగునిస్తాయని చూపాడు. 1880 దశకంలో జర్మన్ వైద్యుడు క్రెడె అప్పుడే పుట్టిన బిడ్డల కళ్లలో వెండి నైట్రేట్ చుక్కలు వేసి, చూపు పోగొట్టే అంటువ్యాధిని అరికట్టాడు. 1889లో అమెరికాలో కేరీ లీ వెండి కొల్లాయిడ్‌ను తయారుచేశాడు. యాంటీబయాటిక్‌లు వచ్చాక వెండి వాడకం వెనకబడింది. ‘నానోటెక్నాలజీ’ అనే మాటను 1974లో జపాన్ శాస్త్రవేత్త నోరియో తానిగుచి ప్రవేశపెట్టాడు.

నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షలవ వంతు. 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణం ఉన్నవాటిని నానో కణాలంటారు. ఒక కాండిడా కణం 5 మైక్రోమీటర్లు ఉందనుకొంటే, 10 నానోమీటర్ల వెండి కణం దానిలో 500వ వంతు మాత్రమే. చిన్నదైతే లాభమేమిటి? ఒక లెక్క చూడండి. భుజం 1 సెంటీమీటర్ ఉన్న వెండి ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. అదే వెండిని 10 నానోమీటర్ల ఘనాలుగా ముక్కలు చేస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. సూక్ష్మజీవికి తగిలేది ఉపరితలమే కనుక చిటికెడు వెండితో ఎక్కువ పని జరుగుతుంది.

11.5.2 అక్రిలిక్‌లో నానో కణాలు

వెండి కణాల నుంచి వెలువడే అయాన్లు సూక్ష్మజీవి కణపు పొరను దెబ్బతీస్తాయి. గంధకం ఉన్న ప్రోటీన్లతో కలిసి వాటి పని ఆపుతాయి. 1997లో జపాన్ పరిశోధకులు వెండి ఉన్న జియొలైట్‌ను పీఠం లోపలి మెత్తని పూతలో కలిపి, కాండిడా పెరుగుదల తగ్గుతుందని చూపారు. తరవాతి దశాబ్దంలో వెండి నానో కణాలను అక్రిలిక్‌లోనే కలపడం మొదలైంది. జపాన్, బ్రెజిల్, మెక్సికో, ఇరాన్, భారతదేశం వంటి దేశాల నుంచి పత్రాలు వచ్చాయి.

టైటానియం డయాక్సైడ్ చరిత్ర కొంచెం వేరు. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా దానిమీద అతినీలలోహిత కాంతి పడితే రసాయన చర్య జరుగుతుందని ప్రకటించారు. 1985లో మత్సునాగా బృందం ఆ చర్యతో సూక్ష్మజీవులు చనిపోతాయని చూపింది. 2007లో ఈ పదార్థాన్ని అక్రిలిక్‌లో కలిపి కాండిడాపై పరీక్షించారు. ఈ టైటానియం మనకు దూరపు లోహం కాదు. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం తీరపు ఇసుకలో గోమేదికం జాతి రాళ్లతోపాటు ఇల్మెనైట్ ఉంది. ఇల్మెనైట్‌ను శుద్ధిచేస్తేనే టైటానియం డయాక్సైడ్ వస్తుంది. అయితే ముడిసరకు మన ఇసుకలో ఉన్నంత మాత్రాన దాని ఫలం మన నోటికి వచ్చినట్లు కాదు. మధ్యలో కర్మాగారం, పరిశోధనశాల, పరీక్ష, ధర అనే నాలుగు మెట్లున్నాయి.

11.5.3 పరిమితులు

పదార్థ చరిత్రలో ప్రతి కొత్త జవాబూ కొత్త ప్రశ్న తెస్తుందని 11.2లో చూశారు. నానో కణాలకూ అదే వర్తిస్తుంది.

(1) బలం: వేడితో గట్టిపరిచే అక్రిలిక్ పీఠానికి కనీసం 65 మెగాపాస్కల్‌ల వంపు బలం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. నానో కణాల పాలు పెంచినకొద్దీ అవి ఒకదానికొకటి అంటుకొని గుంపులవుతాయి. ఆ గుంపులున్న చోట పీఠం బలహీనపడుతుంది.
(2) రంగు: వెండి పాలు ఎక్కువైతే గులాబీరంగు పీఠం మబ్బురంగుకు తిరుగుతుంది. ముఖంలో కనిపించే వస్తువుకు ఇది చిన్న లోపం కాదు.
(3) అందుబాటు: అక్రిలిక్ లోతున చిక్కుకొన్న కణం సూక్ష్మజీవికి తగలదు. ఉపరితలం దగ్గర ఉన్నవే పనిచేస్తాయి. వాటిమీద లాలాజలపు పొర, పాచి చేరితే ప్రభావం తగ్గుతుంది.
(4) వెలుతురు: టైటానియం డయాక్సైడ్‌కు కాంతి కావాలి. మూసిన నోరు చీకటి గది. కాబట్టి పీఠాన్ని బయటికి తీసినప్పుడే దాని ప్రయోజనం.
(5) భద్రత: సూక్ష్మజీవిని చంపే అయాన్ మోతాదు పెరిగితే నోటి కణాలకూ హాని చేయగలదు. పీఠం రోజుకు పదిహేను, పదహారు గంటల చొప్పున ఏళ్ల తరబడి నోట్లో ఉండే వస్తువు.
(6) సాక్ష్యం: ఇంతవరకు వచ్చిన పత్రాల్లో అత్యధికం ప్రయోగశాలలో అక్రిలిక్ పలకలపై కొద్ది గంటలు, రోజులు చేసిన పరీక్షలు. మనుషుల నోటిలో ఏళ్లపాటు గమనించిన అధ్యయనాలు చాలా తక్కువ.

ఆరో అంశాన్ని 11.4తో కలిపి చదవండి. అడ్డపొగ గురించి మనకు నమ్మకమైన జ్ఞానం వచ్చింది పలకమీద నుంచి కాదు. పదివేల నోళ్లు చూడటం నుంచి, పదేళ్లు వెంట నడవడం నుంచి వచ్చింది. నానో పీఠాలకు ఆ స్థాయి పరీక్ష ఇంకా జరగలేదు.

11.6 ఒకే ఎరుపు, రెండు కారణాలు

ఇప్పుడు పై రెండు చరిత్రలను ఒకచోట చేర్చి చూద్దాం. పళ్లన్నీ ఊడి, పైసెట్టు పెట్టుకొని, చోడి అంబలి మాని మళ్లీ అన్నం నమలగలుగుతున్న అరవై అయిదేళ్ల స్త్రీని ఊహించుకోండి. ఆమె చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగింది. ఆమె అంగిలి ఎర్రగా ఉంది. ఈ ఎరుపు ఏమిటి?

అది పీఠం కింది కాండిడా ఎరుపు కావచ్చు. అలాగైతే రాత్రి సెట్టు తీయడం, శుభ్రం చేయడం, అవసరమైన మందు వాడటంతో తగ్గుతుంది. లేదా అది 1977 వర్గీకరణలో చెప్పిన ఎర్రని భాగం కావచ్చు. అలాగైతే క్యాన్సర్‌కు ముందు దశ కావచ్చు. వెంటనే నిపుణుడు చూడాలి, ముక్క తీసి పరీక్షించాలి. పీఠం కప్పి ఉన్నచోట పొగవేడి తగలదు కనుక పొగవల్ల వచ్చే మార్పులు సాధారణంగా పీఠం కప్పని భాగంలో కనిపిస్తాయి. కాండిడా ఎరుపు పీఠం ఆకారాన్నే అనుసరిస్తుంది. వైద్యుడికి ఇది ఒక మంచి ఆనవాలు. అయితే సెట్టు పెట్టించుకోకముందు ముప్పై ఏళ్లు తాగిన పొగ గుర్తులు పీఠం కింద కూడా ఉండవచ్చు. కాబట్టి ఆకారం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కాండిడాకు చికిత్స చేశాక కూడా రెండు వారాల్లో ఎరుపు తగ్గకపోతే రెండో కారణాన్ని వెతకాలి.

వెండి నానో కణాలున్న పీఠం మొదటి ఎరుపును కొంత తగ్గించగలదేమో. రెండో ఎరుపుపై దానికి ఏ ప్రభావమూ లేదు. పైగా ‘క్రిములు చేరని సెట్టు’ అన్న ధీమాతో మనిషి సెట్టు తీయడం, వైద్యుడికి చూపించుకోవడం మానేస్తే, రెండో ఎరుపు ఆ పీఠం చాటున నిశ్శబ్దంగా పెరిగే ప్రమాదముంది. ఉత్తరాంధ్ర వంటి ప్రాంతంలో కొత్త పదార్థాన్ని అంచనా వేసేటప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఇది అంగిలిని చూసే సందర్భాలను పెంచుతుందా, తగ్గిస్తుందా?

ఈ ప్రాంతంలో చూసేవారు ఒకప్పటికంటే నేడు ఎక్కువే ఉన్నారు. శ్రీకాకుళంలో దంతవైద్య కళాశాల ఉంది. శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. విజయనగరం కళాశాల 2023లో ప్రారంభమైంది. కాని సీతంపేట, కురుపాం కొండల్లోని ముసలమ్మకు బస్సు దిగి, వరుసలో నిలబడి, నొప్పిలేని నోటిని చూపించుకోవడం అనవసరపు పనిగా తోస్తుంది. ఆమెను అక్కడిదాకా నడిపించేది పదార్థం కాదు. పక్కింటి చదువుకొన్న మనిషి చెప్పే మాట. ఈ పుస్తకం చదువుతున్న మీరు ఆ మనిషి కావచ్చు.

మీరు చెప్పగలిగే మాటలు ఇవి. రాత్రి పడుకొనేముందు సెట్టు తీసి, మెత్తని బ్రష్‌తో సబ్బు నీళ్లతో లోపలివైపు బాగా తోమి, చల్లని మంచినీళ్లలో ఉంచాలి. పళ్లపొడి గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే పాచి చేరుతుంది కనుక దానితో తోమకూడదు. వేడినీళ్లలో వేస్తే అక్రిలిక్ వంకరపోతుంది. సెట్టు తీసినప్పుడు అంగిలిని, చిగుళ్లను కూడా మెత్తని గుడ్డతో తుడవాలి. ఏడాదికి ఒకసారైనా దంతవైద్యుడికి అంగిలి చూపించాలి. చుట్ట మానాలి. వీటిలో ఏదీ నానో విజ్ఞానం కాదు. అయినా రేపు నానో పీఠం వచ్చినా వీటిలో ఒక్కటి కూడా తగ్గదు.

క్షేత్ర కార్యక్రమం
మీ ఊళ్లో కట్టుడు పళ్లు వాడుతున్న ముగ్గురు పెద్దలతో వారి అనుమతి తీసుకొని మాట్లాడండి. సెట్టు ఎప్పుడు, ఎక్కడ కట్టించుకొన్నారు? రాత్రి తీస్తారా? దేనితో శుభ్రం చేస్తారు? కట్టినవారు శుభ్రత గురించి ఏం చెప్పారు? తరవాత ఎవరైనా అంగిలి చూశారా? పేర్లు రాయకుండా, సమాధానాలను రెండు పుటల నివేదికగా రాయండి. వైద్య సలహా ఇవ్వకండి. అంగిలిలో మార్పు ఉందని ఎవరైనా చెబితే దంతవైద్యుడి వద్దకు వెళ్లమని మాత్రం తప్పక చెప్పండి.

అభ్యాసం – 3
1. పీఠంలో నానో కణాల పాలు పెంచితే వచ్చే రెండు ఇబ్బందులు రాయండి.
2. అంగిలి ఎరుపుకు ఈ యూనిట్‌లో చెప్పిన రెండు కారణాలేమిటి?

11.7 సారాంశం

కట్టుడు పళ్ల పీఠం చరిత్రను ఒక పాత సమస్య నడిపించింది. నోట్లో ఉండే పదార్థం మలినమవుతుంది. ఏనుగు దంతపు వాసన పింగాణికి దారితీసింది. పింగాణి బరువు, ధరల వల్ల వల్కనైట్ వచ్చింది. వల్కనైట్ రంగు, రబ్బరు నోటిపుండు తరవాత 1937 నుంచి అక్రిలిక్ వ్యాపించింది. అక్రిలిక్ కింద కూడా ఎరుపు కొనసాగడంతో కాండిడా పాత్ర స్పష్టమైంది. మందును పదార్థంలోనే కలపాలన్న ఆలోచన నిస్టాటిన్ నుంచి వెండి జియొలైట్‌కు, అక్కడి నుంచి నానో కణాలకు చేరింది. వీటి ప్రభావం ప్రయోగశాలలో కనిపించింది. బలం, రంగు, భద్రత, దీర్ఘకాల సాక్ష్యం విషయంలో ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలో అడ్డపొగపై జరిగిన అధ్యయనాలు, నోటిని ఓపికగా చూడటం ఎంత విలువైనదో ప్రపంచానికి చూపాయి. ఈ ప్రాంతంలో ఏ కొత్త పీఠమైనా ఆ చూపుకు తోడు కావాలేగాని, దానికి బదులు కాకూడదు.

11.8 ముఖ్యపదాలు

పీఠం: కృత్రిమ దంతాలను పట్టి ఉంచి, చిగుళ్లపై, అంగిలిపై ఆనే భాగం.
వల్కనైట్: గంధకంతో గట్టిపరచిన రబ్బరు.
అక్రిలిక్: పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్.
కాండిడా: నోటిలో నివసించే ఒక శిలీంధ్రం. అనువైన పరిస్థితుల్లో వ్యాధి కలిగిస్తుంది.
అడ్డపొగ: చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల ఉంచి తాగే పద్ధతి.
నానో కణం: 1 నుంచి 100 నానోమీటర్ల పరిమాణం గల కణం.

11.9 అభ్యాసాలకు సమాధానాలు

అభ్యాసం – 1: 1. ఏనుగు దంతంలోని రంధ్రాల్లోకి రసాలు ఇంకి, వాసన పట్టడం. 2. మెరుగుపెడితే అంగిలికి అతుకు చెడుతుంది కనుక ఆ వైపు మెరుగుపెట్టరు.
అభ్యాసం – 2: 1. నేటి విజయనగరం ప్రాంతంలో కొంత భాగం 1979 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేదని గుర్తించాలి. 2. బాధ లేనివారిని కూడా పరీక్షిస్తుంది కనుక వ్యాధి తొలి గుర్తులు, అలవాటు విస్తృతి తెలుస్తాయి.
అభ్యాసం – 3: 1. పీఠం బలం తగ్గడం, రంగు మారడం. 2. పీఠం కింద కాండిడా పెరగడం. అడ్డపొగవల్ల అంగిలిలో వచ్చే మార్పు.

11.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కట్టుడు పళ్ల పీఠ పదార్థాలు మారిన క్రమాన్ని కారణాలతో వివరించండి.
2. నానో కణాలు కలిపిన పీఠాల ప్రయోజనాలను, పరిమితులను ఉత్తరాంధ్ర నేపథ్యంలో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘రబ్బరు నోటిపుండు’ వాదాన్ని వివరించండి.
2. శ్రీకాకుళం జిల్లాలో జరిగిన ఇంటింటి సర్వే ప్రాధాన్యాన్ని తెలపండి.
3. కణం చిన్నదయ్యేకొద్దీ ఉపరితలం ఎందుకు పెరుగుతుందో లెక్కతో చూపండి.